పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: రేణిగుంట నుంచి ఎంత దూరం, ఎంతసేపు?

ఈ సంచికకు తీసుకున్న ప్రశ్నలన్నీ విమాన ప్రయాణంలోని దూరానికీ సమయానికీ సంబంధించినవే. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి ఇటువంటి ఉత్తరాలు తరచుగా వస్తున్నందున వాటికి ఒకేచోట వివరంగా సమాధానం ఇవ్వడం మేలని తోచింది.

ప్రశ్న: తిరుపతి నుంచి హైదరాబాదుకు విమానంలో ఎంత దూరమని వెదికితే ఒకచోట 417 కిలోమీటర్లని, ఒకచోట 259 మైళ్లని, ఇంకొకచోట 225 అని, మరొకచోట 560 కిలోమీటర్లని కనిపించింది. విమానం గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతుందంటారు. ఆ లెక్కన అరగంటలో చేరిపోవాలి. టికెట్టు మీద మాత్రం గంటా పదిహేను నిమిషాలని ఉంది. వీటిలో ఏది నిజం?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

సమాధానం: మీరు చూసిన అంకెలలో మొదటి మూడూ ఒకే దూరాన్ని మూడు కొలతలలో చెబుతున్నాయి. రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయానికీ శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికీ మధ్య భూమి ఉపరితలం మీద కొలిచిన అతి తక్కువ దూరం సుమారు 417 కిలోమీటర్లు. దానిని సాధారణ మైళ్లలోకి మారిస్తే 259, పైలట్లు వాడే నాటికల్ మైళ్లలోకి మారిస్తే 225 వస్తాయి. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. నాలుగవదైన 560 కిలోమీటర్లు కడప, కర్నూలు మీదుగా వెళ్లే రోడ్డు దూరం. అంకె పక్కన కొలతను రాయకపోవడం వల్లనే ఇంత అయోమయం కలుగుతుంది కనుక, దూరం ఎక్కడ కనిపించినా ముందుగా అది ఏ కొలతలో ఉందో, నేల మీదిదో గాలిలోదో చూసుకోవాలి.

పటం మీద రేణిగుంట నుంచి శంషాబాదుకు స్కేలు పెట్టి గీత గీస్తే అది గిద్దలూరుకు దగ్గరగా, నల్లమల అడవుల మీదుగా, శ్రీశైలానికి కొద్దిగా పడమరగా సాగి కృష్ణానదిని దాటుతుంది. రోడ్డు అలా అడవినీ కొండలనూ చీల్చుకుని పోలేదు కాబట్టి పడమటికి మళ్లి చుట్టు తిరిగి వెళ్తుంది. రైలు మార్గం ఇంకా పొడవు. 2023 ఏప్రిల్ 8న మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ రైలు నల్గొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరుల మీదుగా దాదాపు 660 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఊళ్లు రెండే అయినా దారిని బట్టి దూరం 417 నుంచి 660 దాకా మారుతుంది. ఇందులో తప్పుడు లెక్క ఏదీ లేదు.

ఇక సమయం సంగతి. 417ను 850తో భాగిస్తే అరగంట రావడం నిజమే. కాని గంటకు 850 కిలోమీటర్లు అనేది జెట్ విమానం ముప్పై వేల అడుగులకు పైన, పలుచని గాలిలో, నిలకడగా సాగుతున్నప్పటి వేగం. తిరుపతి–హైదరాబాదు వంటి దగ్గరి ప్రయాణంలో విమానం ఆ స్థితిలో గడిపే కాలం చాలా స్వల్పం. ఎయిర్‌బస్ 320 వంటి విమానం ముప్పై వేల అడుగుల ఎత్తుకు చేరడానికి దాదాపు పదిహేడు, పద్దెనిమిది నిమిషాలు పడుతుంది, ఆలోపే అది 180 కిలోమీటర్ల దాకా ముందుకు పోయి ఉంటుంది. దిగడానికి పైలట్లు పాటించే మోటు లెక్క ఒకటి ఉంది: తగ్గవలసిన ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్ల దూరం కేటాయించుకోవాలి. ముప్పై వేల అడుగుల నుంచి దిగాలంటే తొంభై నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 167 కిలోమీటర్లు కావాలి. ఎక్కడానికీ దిగడానికీ కలిపి 350 కిలోమీటర్లు పోగా సమాంతరంగా సాగడానికి మిగిలేది అరవై, డెబ్బై కిలోమీటర్లే. అందుకే ఈ విమానంలో టీ కప్పు చేతికి అందేసరికే సీటు బెల్టు బిగించుకోమన్న ప్రకటన వినిపిస్తుంది.

పైగా పదివేల అడుగులకు దిగువన వేగానికి సాధారణంగా హద్దు ఉంటుంది. అక్కడ 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు మించకూడదు. రన్‌వేను సమీపించేటప్పుడు వేగం అందులో సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే ఉంటుంది.

ఇంకొక కారణం సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు గాని, మన తిరుపతి విషయంలో ముఖ్యమైనది. హైదరాబాదు మనకు ఇంచుమించు ఉత్తరంగా, కొద్దిగా పడమర వైపు ఒరిగి ఉంది. కాని రేణిగుంట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, శంషాబాదు రన్‌వే కూడా అలాగే తూర్పు పడమరలుగానే ఉంది. గాలికి ఎదురుగా ఎగరడం, ఎదురుగానే దిగడం విమానానికి క్షేమం కాబట్టి, ఆనాటి గాలిని బట్టి రన్‌వే ఏ కొసను వాడాలో నిర్ణయిస్తారు. అంటే విమానం ఇక్కడ తూర్పుకో పడమరకో ఎగిరి ఉత్తరానికి తిరగాలి, అక్కడ ఉత్తరంగా వెళ్లి మళ్లీ తూర్పుకో పడమరకో మళ్లి దిగాలి. రేణిగుంట విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు వంద మీటర్ల ఎత్తులో ఉంటే, దానికి వాయవ్యాన ఉన్న తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. కాబట్టి ఎగిరిన విమానం ఆ కొండల ఎత్తును కూడా లెక్కలోకి తీసుకునే మలుపు తిరగాలి. శంషాబాదు వంటి రద్దీ విమానాశ్రయంలో ముందు దిగవలసిన విమానాలు ఉంటే వరుసలో నిలబెట్టడానికి కంట్రోలర్లు ఒక చుట్టు తిప్పుతారు. ఇలా గాలిలో నిజంగా ప్రయాణించే దూరం 417 కంటే ఇరవయ్యో నలభయ్యో కిలోమీటర్లు పెరుగుతుంది. అన్నీ కలిపి జెట్ విమానం గాలిలో ఉండే సమయం నలభై అయిదు నుంచి యాభై నిమిషాలు.

అలాగైతే మిగిలిన పాతిక నిమిషాలు ఎక్కడివని మీరు అడగవచ్చు. టికెట్టు మీద అచ్చువేసేది గాలిలో ఉండే సమయం కాదు. విమానం నిలిపిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, చేరిన ఊరిలో నిలుపుదల స్థలానికి వచ్చి ఆగే క్షణం వరకు లెక్క. వైమానిక రంగంలో దీనిని బ్లాక్ టైం అంటారు. నేల మీద రన్‌వే దాకా నడవడం, అనుమతి కోసం ఆగడం, దిగిన తరువాత టెర్మినల్ దాకా రావడం అన్నీ అందులో చేరతాయి. విమానాశ్రయం ఎంత పెద్దదైతే ఈ నేల నడక అంత పెరుగుతుంది. దీనికి తోడు, చిన్నచిన్న ఆలస్యాలు జరిగినా సమయానికే చేరినట్టు ఉండేందుకు సంస్థలు కొన్ని నిమిషాలు అదనంగా కలిపి వేళలు ప్రకటించడం కూడా ఉంది.

విమానం రకాన్ని కూడా గమనించండి. ప్రాంతీయ మార్గాలలో తిరిగే ఏటీఆర్ 72 రెక్కల పంకాలతో నడిచే విమానం. దాని నిలకడ వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు, అది పాతిక వేల అడుగులకు మించి ఎగరదు. ఇదే దూరానికి దాని బ్లాక్ టైం గంటా ఇరవై నిమిషాల నుంచి గంటన్నర దాకా ఉంటుంది. అయితే దూరం తగ్గేకొద్దీ జెట్టుకూ దీనికీ మధ్య తేడా తగ్గుతుంది. చిన్న ఊళ్లను కలిపే ఉడాన్ పథకంలో ప్రభుత్వం సుమారు 500 కిలోమీటర్ల దూరాన్ని గంట ప్రయాణంగా లెక్కగట్టి 2,500 రూపాయల గరిష్ఠ ఛార్జీ నిర్ణయించింది. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద ప్రారంభమైన తొలి సర్వీసులలో కడప–హైదరాబాదు కూడా ఒకటి.

ఊళ్ల పేర్లు ఇస్తే ప్రయాణ సమయం చెప్పే లెక్కలు చాలావరకు ఒకే పద్ధతిని పాటిస్తాయి. దూరాన్ని గంటకు 500 మైళ్ల వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ గుండుగుత్తగా అరగంట కలుపుతాయి. మీ మార్గానికి ఆ పద్ధతిలో గంటా ఒక నిమిషం వస్తుంది. ఇది కేవలం అంచనా. ప్రయాణం పెట్టుకునేవారు టికెట్టు మీది సమయాన్నే నమ్మాలి.

ప్రశ్న: రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని కంప్యూటరు సాయం లేకుండా మనమే కాగితం మీద లెక్కగట్టగలమా?
– ఒక ఇంటర్మీడియట్ విద్యార్థిని, చిత్తూరు

సమాధానం: తప్పకుండా గట్టవచ్చు. మీకు కావలసినవి రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు, పదవ తరగతిలో చదివిన పైథాగరస్ సిద్ధాంతం, ఒక కొసైన్ పట్టిక.

తిరుపతి విమానాశ్రయం 13.63 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.54 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖపట్నం విమానాశ్రయం 17.72, 83.22 డిగ్రీల మీద ఉంది. అక్షాంశాల తేడా 4.09 డిగ్రీలు. ఒక్కొక్క అక్షాంశ డిగ్రీ నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు కనుక ఉత్తర దక్షిణాలుగా దూరం 454 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 3.68 డిగ్రీలు. అయితే రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి 111ని నేరుగా వాడకూడదు. రెండు ఊళ్ల సగటు అక్షాంశమైన 15.7 డిగ్రీల కొసైన్ విలువ 0.963. దానితో 111ని గుణిస్తే మన ప్రాంతంలో ఒక రేఖాంశ డిగ్రీ 107 కిలోమీటర్లని తేలుతుంది. తూర్పు పడమరలుగా దూరం 394 కిలోమీటర్లు. ఇప్పుడు 454, 394 అనేవి లంబకోణ త్రిభుజపు రెండు భుజాలు. వాటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే 601 వస్తుంది. శుద్ధమైన గోళాకార త్రికోణమితితో చేసినా సుమారు 600 కిలోమీటర్లే వస్తుంది. వెయ్యి కిలోమీటర్ల లోపు దూరాలకు, మన అక్షాంశాలలో, ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఖండాలు దాటే ప్రయాణాలకు మాత్రం పనికిరాదు.

111 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి. 1790లలో ఫ్రాన్సులో మీటరును నిర్వచించినప్పుడు భూమధ్యరేఖ నుంచి ఉత్తర ధ్రువం దాకా ఉన్న దూరంలో కోటవ వంతుగా తీసుకున్నారు. అంటే ఆ దూరం పదివేల కిలోమీటర్లు, దానిని తొంభై డిగ్రీలతో భాగిస్తే 111 వస్తుంది. ఒక డిగ్రీలో అరవయ్యవ వంతైన ఒక నిమిషపు అక్షాంశమే నాటికల్ మైలు. అందుకే ఆకాశంలోనూ సముద్రం మీదా దారి లెక్కించేవారు ఈనాటికీ ఆ కొలతను విడిచిపెట్టలేదు. మన దేశంలో డిగ్రీ పొడవును కొలిచే మహా సర్వేకు 1802లో విలియం లాంబ్టన్ పునాది వేసినది కూడా మనకు దగ్గరలోనే. ఆయన మొదటి ఆధార రేఖను కొలిచినది మద్రాసులో పరంగిమలై అని పిలిచే సెయింట్ థామస్ మౌంట్ దగ్గర. నేటి చెన్నై విమానాశ్రయం ఆ గుట్టకు సమీపంలోనే ఉంది. మీరు ఎప్పుడైనా అక్కడ విమానం ఎక్కితే కిటికీలోంచి ఆ గుట్టను తప్పక చూడండి.

ప్రశ్న: అమెరికా వెళ్లే విమానం దారిని పటం మీద వంపుగా చూపిస్తారు. దగ్గరి దారి నేరుగా ఉండాలి కదా?
– ఒక పాఠకుడు, పలమనేరు

సమాధానం: వంపు పటంలో ఉన్నది, దారిలో లేదు. గుండ్రని భూమిని చదునైన కాగితం మీద పరచినప్పుడు ఉత్తరాన ఉన్న ప్రదేశాలు అసలు కంటే వెడల్పుగా సాగిపోతాయి. పాఠశాలలోని గ్లోబు మీద బెంగళూరుకూ శాన్ ఫ్రాన్సిస్కోకూ మధ్య ఒక దారాన్ని బిగించి పట్టండి. ఆ దారం తూర్పుగా జపాను మీదుగా పోదు, ఉత్తర ధ్రువం వైపు పైకి లేచి అవతలికి దిగుతుంది. ఆ రెండు నగరాల రేఖాంశాల మధ్య దాదాపు 160 డిగ్రీల తేడా ఉంది, అంటే అవి భూమికి ఇంచుమించు ఎదురెదురు వైపుల ఉన్నాయి. అందుకే ధ్రువం మీదుగా పోవడమే దగ్గరి దారి. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే నడిపిన ఎయిరిండియా విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఈ ధ్రువ మార్గంలోనే వచ్చింది. ఆ దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు, పట్టిన సమయం దాదాపు పదిహేడు గంటలు.

ప్రతి విమానమూ దారం గీసిన దారినే పోగలదని మాత్రం అనుకోకూడదు. 2019 ఫిబ్రవరి చివర నుంచి జూలై మధ్య వరకు పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసినప్పుడు ఢిల్లీ నుంచి ఐరోపాకు, అమెరికాకు పోయే విమానాలు దక్షిణంగా చుట్టు తిరిగి వెళ్లవలసి వచ్చింది. ఊళ్ల మధ్య దూరం మారలేదు గాని, ప్రయాణ సమయమూ ఇంధనపు ఖర్చూ పెరిగాయి.

ప్రశ్న: మా అబ్బాయి కువైట్‌లో పని చేస్తున్నాడు. చెన్నైలో ఉదయం ఆరింటికి బయలుదేరి ఎనిమిదిన్నరకే కువైట్‌లో దిగినట్టు టికెట్టులో ఉంది. వచ్చేటప్పుడు రాత్రి పదింటికి ఎక్కి తెల్లవారి అయిదు దాటాక దిగినట్టు ఉంది. పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఏడు గంటలా?
– ఒక తల్లి, పీలేరు

సమాధానం: అమ్మా, రెండు వైపులా ప్రయాణం నాలుగున్నర, అయిదు గంటలే. టికెట్టులో బయలుదేరే వేళను బయలుదేరే ఊరి గడియారం ప్రకారం, చేరే వేళను చేరే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. కువైట్ గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. మన భారత ప్రామాణిక కాలం కాకినాడ సమీపం నుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది, వారిది 45 డిగ్రీల రేఖాంశపు కాలం. భూమి గంటకు పదిహేను డిగ్రీలు తిరుగుతుంది కనుక ఆ 37.5 డిగ్రీల తేడాయే రెండున్నర గంటలు.

మీ అబ్బాయి ఆరింటికి ఎక్కి అయిదు గంటలు ప్రయాణిస్తే మీ ఇంటి గడియారంలో పదకొండు అవుతుంది, అప్పుడు కువైట్‌లో ఎనిమిదిన్నర. ఫోను కోసం ఎదురుచూసేటప్పుడు పదకొండు దాటిన తరువాతే చూడండి, ఎనిమిదిన్నరకు రాలేదని కంగారు పడవద్దు. తిరిగి వచ్చేటప్పుడు రాత్రి పదింటికి అక్కడ ఎక్కితే మీ దగ్గర అప్పటికే పన్నెండున్నర. అక్కడి నుంచి నాలుగు గంటల నలభై నిమిషాలు లెక్కపెడితే తెల్లవారి అయిదూ పది. సౌదీ, ఖతార్, బహ్రెయిన్ దేశాలకు కూడా తేడా రెండున్నర గంటలే. దుబాయి, అబుదాబి, ఒమన్‌లకు మాత్రం గంటన్నర.

గడియారాల తేడాను తీసివేసిన తరువాత కూడా రాక కొంత త్వరగా ముగుస్తుంది, ముఖ్యంగా చలికాలంలో. ఆ నెలలలో ఉత్తర భారతం, అరేబియా ప్రాంతాల మీద తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ వాయు ప్రవాహాలు బలంగా వీస్తాయి. చెన్నై–కువైట్ దూరం సుమారు 3,780 కిలోమీటర్లు. గాలి సగటున గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వీచినా, ఎదురుగాలిలో విమానం నేల మీది లెక్కన 800 కిలోమీటర్ల వేగంతో సాగి నాలుగు గంటల నలభై మూడు నిమిషాలు తీసుకుంటుంది. అదే గాలి వెనుక నుంచి తోస్తే 900 కిలోమీటర్ల వేగంతో నాలుగు గంటల పన్నెండు నిమిషాలలో వస్తుంది. వానాకాలంలో మన దక్షిణాది మీద బాగా పైయెత్తున గాలి దిశ తూర్పు నుంచి పడమరకు మారుతుంది కాబట్టి ఆ తేడా కొంత తగ్గుతుంది.

ప్రశ్న: చిత్తూరు నుంచి హైదరాబాదు వెళ్లడానికి రేణిగుంట మేలా, బెంగళూరు మేలా, చెన్నై మేలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: గాలిలో సమయం చూస్తే పెద్ద తేడా లేదు. బెంగళూరు–హైదరాబాదు గగన దూరం సుమారు 455 కిలోమీటర్లు, రేణిగుంట నుంచి 417. టికెట్టు మీద అయిదు, పది నిమిషాల తేడా మాత్రమే కనిపిస్తుంది. తేడా అంతా రోడ్డు మీదనే ఉంది. చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు, అక్కడి నుంచి విమానాశ్రయానికి ఇంకొక పదిహేను. బెంగళూరు, చెన్నై విమానాశ్రయాలు రెండూ మీకు 150 కిలోమీటర్లకు పైనే ఉన్నాయి, పైగా నగరపు రద్దీ ఎప్పుడు ఎంత ఆపుతుందో చెప్పలేము. మన దేశీయ సర్వీసులకు చాలా సంస్థలు బయలుదేరడానికి గంట ముందే కౌంటరు మూసివేస్తాయి కనుక, గంటన్నర, రెండు గంటల ముందు చేరేలా చూసుకోవాలి.

రేణిగుంట దారిలో కారుకు రెండు గంటలు, విమానాశ్రయంలో రెండు గంటలు, విమానంలో గంటంపావు, దిగి సామాను తీసుకుని శంషాబాదు నుంచి నగరంలోకి చేరడానికి గంటన్నర, వెరసి ఏడు గంటలకు కాస్త తక్కువ. బెంగళూరు మీదుగా అయితే రోడ్డు మీదనే మూడున్నర గంటలు పట్టి మొత్తం ఎనిమిది గంటలు దాటుతుంది. తిరుపతిలోనే ఉన్నవారికి ఇదే ప్రయాణం అయిదున్నర గంటలలో ముగుస్తుంది, వందే భారత్ రైలుకు దాదాపు ఎనిమిదిన్నర గంటలు. కాబట్టి మీకు వీలైన వేళకు రేణిగుంట నుంచి సర్వీసు ఉంటే దానినే ఎంచుకోండి. బెంగళూరు నుంచి రోజంతా విమానాలు ఉంటాయి కనుక, పని ముగిసే వేళ ముందుగా తెలియని రోజున మాత్రం అటు వెళ్లడం మంచిది. చెన్నైని విదేశీ ప్రయాణాలకు ఉంచుకోండి.